వంశపారంపర్య జలగండం

తాత నుంచి మనవడికి దిగివచ్చే ఆస్తుల్లో పొలం, పడవ, ఇంటిపేరు, తగాదా అనే నాలుగింటిని మన వ్యవస్థ ఏనాడో గుర్తించి గౌరవించింది. వాటికి రిజిస్టర్లున్నాయి, ముద్రలున్నాయి. నకలు ఇచ్చే కిటికీ ఉంది. ఆ కిటికీ తెరుచుకోకపోతే ఫిర్యాదు తీసుకునే ఇంకో కిటికీ కూడా ఉంది (అదీ తెరుచుకోదు). ఐదోది కూడా ఒకటుందని, జబ్బు కూడా వంశంలో దిగుతుందని ఈమధ్యే ఒప్పుకున్నారు. ఒప్పుకుని ఊరుకున్నారా అంటే లేదు. పొలం నాదేనని నిరూపించుకోవడానికి మనిషి ఎంత తిరుగుతాడో జబ్బు నాదేనని నిరూపించుకోవడానికీ అంతే తిరగాలని, లేకపోతే జనానికి జబ్బంటే చులకనైపోతుందని ఆలోచించి, బాపట్లలో ఒక కార్యాలయం తెరిచారు.

దాని పేరు ‘వంశపారంపర్య అరుదైన రుగ్మతల నిర్ధారణ, నిరూపణ మరియు నిరాకరణ విభాగం’. పేరులో ఉన్న మూడు పనుల్లో మూడోది ఎప్పుడూ గడువులోపే పూర్తవుతోందని పైవాళ్ళు రెండుసార్లు ప్రశంసాపత్రం ఇచ్చారు. అంతటి కార్యాలయం మెట్లు గంగరత్నం ఎందుకు ఎక్కాల్సి వచ్చిందో చెప్పాలంటే ముందు చేప మొప్ప సంగతి చెప్పాలి.

గంగరత్నం రేపల్లె బజారులో చేపలమ్ముతుంది. ఊరు రేపల్లెకి దిగువన, సముద్రం పక్కన. వంజరం గానీ చందువ గానీ, బేరం కుదిరింది కదా అని ఎవరూ సంచిలో వేసుకోరు. మొప్ప ఎత్తి చూస్తారు. ఎర్రగా ఉంటే తూకం వేయమంటారు, నల్లబడితే ముక్కు చిట్లించి పక్క గంప దగ్గరికి పోతారు. మొప్ప ఎత్తకుండా చేప కొన్న మనిషిని పదిహేనేళ్ళలో ఆమె చూడలేదు. “చేప నోరు విప్పి చెప్పదు గదండి, మనమే విప్పి చూసుకోవాలి,” అని కొత్తగా కాపురం పెట్టినవాళ్ళకి ఆమే నేర్పుతుంది.

ఆమె కూతురు తేజస్వినికి పదకొండేళ్ళు. ఏడో ఏట నుంచీ కడుపునొప్పి. వచ్చిందంటే తడిగుడ్డ పిండినట్టు ఉంటుందని పిల్లే చెబుతుంది. కాసేపటికి తగ్గుతుంది. తగ్గాక మొహం పాలిపోయి, గోడకి ఆనుకుని ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటుంది. పెదవుల మీద మిరియాలు నలిపి చల్లినట్టు నల్లమచ్చలు. ఆ మచ్చలు ఇంటికి కొత్త కాదు. గంగరత్నం మామ వెంకటప్పయ్యకీ, భర్త ప్రసాద్‌కీ, మరిది కోటిలింగానికీ ఉన్నవే. రేవులో వాళ్ళని మచ్చలోళ్ళనే పిలుస్తారు. గంగరత్నం కాపురానికి వచ్చిన కొత్తలో, పాపం కోడలి పెదవి మీద ఒక్క మచ్చయినా లేదని అత్త ఏడాదిపాటు జాలిపడింది.

ఈ నాలుగేళ్ళలో తేజస్విని పేరు మీద పదమూడు ఓపీ చీటీలు పుట్టాయి. వాటిలో ఎక్కువభాగం డాక్టర్ గోపాలకృష్ణ గారివి. ఆయన రేపల్లెలో పేరున్న వైద్యుడు. రోగి నోరు తెరిచేలోపే సగం చీటీ రాసేయగలడు. మిగతా సగం కంప్యూటర్ రాస్తుంది. వృత్తి అన్నచోట ‘చేపలు’ అని కొడితే, అలవాట్లు అన్నచోట ‘పొగాకు’ అని దానంతటదే వచ్చి కూర్చుంటుంది. (తీసేయవచ్చు. దానికి పాస్‌వర్డ్ కావాలి. అది తెలిసిన కుర్రాడు ఉద్యోగం మానేసి పెళ్ళి చేసుకున్నాడు.) ఒకసారి డాక్టరు గారు తల ఎత్తి పిల్ల పెదవుల వంక చూశారు కూడా.

“ఇంట్లో చుట్ట తాగుతారా?”

“మా అత్త తాగేదండి. పోయి ఆరేళ్ళయింది.”

“అదీ సంగతి,” అని ఆయన రాసేశారు: చుట్ట మానవలెను. నులిపురుగుల మాత్ర ఒకటి.

“ఇదేంటండీ, తొమ్మిదేళ్ళ పిల్ల చుట్ట మానడమేంటి?”

“మానితే నష్టమేంటమ్మా?” అన్నారు డాక్టరు గారు.

గంగరత్నం మాత్ర కొనుక్కుని ఇంటికొచ్చింది. ఆ పదమూడు చీటీల్లో పొట్ట నొక్కినవాళ్ళున్నారు, నాలుక చాపమన్నవాళ్ళున్నారు, పిల్ల ఎత్తు కొలిచి తల పంకించినవాళ్ళున్నారు. పెదవి ఎత్తి లోపలికి చూసినవాళ్ళు మాత్రం లేరు. పిల్లకి బదులు ఒక చందువని తీసుకెళ్ళి బల్లమీద పెట్టి ఉంటే మొదటిరోజే చూసేవాళ్ళు.

ఒక ఆదివారం పొద్దున నాగజ్యోతి అనే ఆవిడ బజారుకొచ్చింది. పుట్టిల్లు రేపల్లె, ఉద్యోగం తెనాలిలో ఒక ఆస్పత్రిలో, చూసేది పేగుల జబ్బులు. ఇవేవీ గంగరత్నానికి తెలియవు. ఆవిడ కూడా అందరిలాగే వంజరం మొప్ప ఎత్తి చూసి, బాగుంది, వేయమంది. తూకం వేస్తుండగా గంప పక్కన కూర్చున్న తేజస్విని నోరారా ఆవలించింది. ఆవిడ చూపు అక్కడే ఆగిపోయింది.

“పాపా, ఒకసారి నోరు తెరువమ్మా.”

చేతులు కడుక్కుని, పిల్ల కింది పెదవి లాగి, బుగ్గ లోపలికి సెల్‌ఫోన్ లైటు వేసి చూసింది. అక్కడా మచ్చలే.

“దీనికి కడుపునొప్పి వస్తుంటుందా?”

“మీకెట్టా తెలుసండీ?” అంది గంగరత్నం, తూకం రాయి చేతిలోనే పట్టుకుని.

“వీళ్ళ నాన్నకీ ఇవి ఉన్నాయా?”

“ఉండేయండి. మా మామకీ ఉండేయి.”

“వాళ్ళెలా పోయారమ్మా?”

గంగరత్నం రాయి కింద పెట్టింది. మూడేళ్ళ కిందట ప్రసాద్ వేటకి పోయినప్పుడు పడవలోనే కడుపు పట్టుకుని ముడుచుకుపోయాడు. ఒడ్డు నాలుగు గంటల దూరం. కోటిలింగం ఇంజను విరిగిపోతుందేమో అన్నట్టు తోలాడు. రేవు కనిపిస్తుండగా అన్న ప్రాణం పోయింది. మామ వెంకటప్పయ్య అంతకు ఎన్నో ఏళ్ళ ముందు, నలభై నాలుగేళ్ళ వయసులో, తెనాలిలో పేగు ఆపరేషనైన మూడో రోజున పోయాడు. లోపల కేన్సర్ ఉందని కోశాకే తెలిసింది. ఈ రెండు చావులకీ ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ విడివిడిగానే ఏడ్చారు. రెండూ ఒకటేనని, మూడోది తన గంప పక్కన కూర్చుని ఆవలిస్తోందని అర్థమయ్యేసరికి గంగరత్నం పిల్లని దగ్గరికి లాక్కుంది.

“దీన్ని ప్యూట్జ్ జెగర్స్ సిండ్రోమ్ అంటారు,” అంది నాగజ్యోతి. “చాలా అరుదు. వంశంలో దిగుతుంది. పేగుల్లో కాయలు పెరుగుతాయి. చిన్నప్పుడు అవి పేగుకి అడ్డం పడతాయి. పెద్దయ్యాక కేన్సర్ వచ్చే ముప్పు మిగతావాళ్ళకంటే బాగా ఎక్కువ. కానీ ముందే కడుపులోకి కెమెరా గొట్టం వేసి చూసి కాయలు తీసేసి, ఆ తర్వాత కూడా రెండు మూడేళ్ళకోసారి చూస్తూ ఉంటే పిల్లని కాపాడుకోవచ్చు.”

“ఆ పేరేంటండీ అట్టా ఉంది?”

“ముందు కనిపెట్టిన డాక్టర్ల పేర్లమ్మా.”

“మా మామ మచ్చలు ముందు చూసింది మా అత్తండి,” అని నవ్వబోయి గంగరత్నం ఏడ్చేసింది. “నా పిల్లకేం కాదు గదండి?”

“చూడనిస్తే ఏమీ కానివ్వను. నెల దాటనివ్వకండి.”

నాలుగేళ్ళలో తేలనిది అరనిమిషంలో తేలిపోయింది. అయితే తేలింది చేపల బజారులో. ఓపీ చీటీ లేకుండా, క్యూలో నిలబడకుండా, అందులోనూ ఆదివారం నాడు తేలిన నిజం నిజం కిందికి రాదు. పైగా తేజస్వినిది బాపట్ల జిల్లా, తెనాలి గుంటూరు జిల్లా. వెంకటప్పయ్య పోయేనాటికి అంతా ఒకటే జిల్లా. తర్వాత విడిపోయింది. విడిపోయినప్పుడు బల్లలు, కుర్చీలు, జీపులు, ఫైళ్ళు ఎవరికెన్నో పంచుకున్నారు గానీ, వెంకటప్పయ్య జబ్బు ఏ జిల్లా వాటాకి వచ్చిందో ఎక్కడా రాసుకోలేదు. కాబట్టి ఇది అరుదైన వంశపారంపర్య జబ్బేనని బాపట్ల విభాగం ధ్రువపత్రం ఇస్తేనే తెనాలిలో ఉచితంగా గొట్టం వేస్తారు. పేగు మెలిపడి ప్రాణం మీదికి వచ్చిన పిల్లకి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు. (వ్యవస్థకి హృదయం లేదనేవాళ్ళు ఈ మినహాయింపు ఒకసారి చదవాలి.) సొంతంగా చేయించుకోవాలంటే పడవ అమ్మాలి. అందులో సగం కోటిలింగానిది, అతనికీ చిట్టి అని ఐదేళ్ళ కూతురుంది, ఆ పిల్ల పెదవి మీద కూడా ఈమధ్యే మచ్చలు మొదలయ్యాయి.

ఆ విధంగా గంగరత్నం పిల్లని వెంటబెట్టుకుని బాపట్ల బస్సెక్కింది.

విభాగంలో వంశ నిర్ధారణాధికారి పేరు విష్ణువర్ధన్. ఎవరినీ కసురుకోడు. కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, తాగేదాకా ఆగి, అప్పుడు కుదరదంటాడు. ఆయన దగ్గర కాదనిపించుకున్నవాళ్ళు కూడా నమస్కారం పెట్టి వెళతారు.

“చూడమ్మా, వంశంలో జబ్బుందని వంశం చెప్పాలి. నువ్వు చెబితే ఎలా? నువ్వు కోడలివి.”

“పోనీ నా కూతురు చెబుతుందండి.”

“ఆ అమ్మాయి దరఖాస్తుదారు. దరఖాస్తుదారు తన గురించి తాను చెప్పుకోకూడదు.”

“మా మరిది ఉన్నాడండి. ఆయనకీ ఉన్నాయి మచ్చలు.”

“ఆయన బతికున్నాడా?”

“ఉన్నాడండి.”

“అక్కడే వచ్చింది చిక్కు,” అన్నాడు విష్ణువర్ధన్ నొచ్చుకుంటూ. “బతికున్నవాళ్ళ జబ్బు ఇంకా పూర్తికానట్టు లెక్కమ్మా. పూర్తయినవే తీసుకుంటాం. ఇద్దరు మృతులు కావాలి. రక్తసంబంధం ఉండాలి. ఇద్దరిదీ ఒకటే కారణమై ఉండాలి. తొమ్మిదో నమూనాలో.”

“ఉన్నారండి ఇద్దరు,” అంది గంగరత్నం చటుక్కున. అన్నాక, తన ఇంట్లో చావులు సరిగ్గా సరిపోయినందుకు ఒక్క క్షణం సంతోషపడ్డానని తెలుసుకుని, తనని తాను తిట్టుకుంది.

మరణ ధ్రువపత్రాలు ‘మరణమిత్ర’ యాప్‌లోంచి తీయించుకు రమ్మన్నారు. తీయించింది. ప్రసాద్: వృత్తి, మత్స్యకారుడు. మరణించిన స్థలం, పడవ. కారణం, నీట మునుగుట. వెంకటప్పయ్య: వృత్తి, మత్స్యకారుడు. మరణించిన స్థలం, తెనాలి, ఆస్పత్రి, రెండో అంతస్తు. కారణం, నీట మునుగుట.

ఇందులో ఎవరి తప్పూ లేదు. పాత రిజిస్టర్లన్నీ యాప్‌లోకి ఎక్కించేటప్పుడు ఒక్కో చావుకీ కారణం వెతికి కొట్టడం శ్రమని, వృత్తిని బట్టి కారణం దానంతటదే పడేలా ఏర్పాటు చేశారు. రైతుకి పాముకాటు, డ్రైవరుకి రోడ్డు ప్రమాదం, మత్స్యకారుడికి నీట మునుగుట. (టీచర్లకి ఏం పెట్టాలో కుదరక ఖాళీగా వదిలేశారు. అంచేత రికార్డుల ప్రకారం ఆ చుట్టుపక్కల ఇంతవరకూ ఒక్క టీచరు కూడా చనిపోలేదు.)

“మా ఆయన మునగలేదండి. ఆయన నడక కంటే ముందు ఈత నేర్చాడు.”

“రికార్డు మునిగాడంటోంది కదమ్మా.”

“మరి మా మామో? ఆస్పత్రి రెండో అంతస్తులో ఎట్టా మునుగుతాడండీ మనిషి?”

“నేనూ అదే ఆలోచిస్తున్నా,” అన్నాడు విష్ణువర్ధన్. నిజంగానే ఆలోచిస్తున్నాడు.

సవరించమని అడిగితే, సవరణ కోరే హక్కు రికార్డు ఎవరిదో ఆ వ్యక్తికే ఉంటుందని, ఆయన స్వయంగా వచ్చి వేలిముద్ర వేయాలని చెప్పారు. సరే, మునగడం సంగతి పక్కనపెట్టి మచ్చలున్నట్టయినా ఫోటోలతో నిరూపించమన్నారు. గంగరత్నం ఇంట్లో దండ వేసి ఉన్న ప్రసాద్ ఫోటోని గోడ మీంచి తీసి, చీరకొంగులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చింది. తెచ్చి బల్లమీద పెట్టాక చూసుకుంది. పెదవుల మీద ఒక్క మచ్చ లేదు. రేపల్లెలో ఫోటో స్టూడియో అతను మంచివాడు. చచ్చిపోయినవాళ్ళు అందంగా ఉండాలని అడగకుండానే అన్నీ తుడిచేశాడు. పెళ్ళి ఫోటోల్లోనూ తుడిచాడు. పెద్దది చేయించిన వెంకటప్పయ్య ఫోటోలో అయితే పెదవులకి కొంచెం రంగు కూడా వేశాడు.

“చాలా శుభ్రంగా ఉన్నాయమ్మా పెదవులు,” అన్నాడు విష్ణువర్ధన్.

ఆ రాత్రికి ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. తెల్లారాక కోటిలింగం అటకమీంచి తండ్రి ట్రంకుపెట్టె దింపాడు. అందులో వెంకటప్పయ్య పడవ లైసెన్సు ఉంది. గుర్తింపు చిహ్నాలు: పై పెదవిపై నల్లమచ్చలు, కింది పెదవిపై నల్లమచ్చలు. దాని కింద ప్రసాద్ స్కూలు టీసీ. పుట్టుమచ్చలు: పెదవులపై. తేజస్విని బడి రికార్డులోనూ అదే మాట, చిట్టి అంగన్‌వాడీ కార్డులోనూ అదే మాట. గుమాస్తా మారినా, సిరా మారినా, మాట మారలేదు.

“గవర్నమెంటుకి ఎప్పుడో తెలుసు వదినా!” అన్నాడు కోటిలింగం కాగితాలు పట్టుకుని. “వాళ్ళే రాసుకున్నారు. మనకే చెప్పలేదు.”

ఆ కాగితాలతో బాపట్ల వెళుతుంటే, దారిలో బస్సులోనే తేజస్వినికి నొప్పి వచ్చింది. అంతకుముందు వచ్చినవాటికంటే పెద్దది. పిల్ల తల్లి ఒళ్ళో ముడుచుకుపోయి, పళ్ళు బిగించి, చెమటతో తడిసిపోయింది. ప్రసాద్ పడవలో ఇలాగే ముడుచుకున్నాడని కోటిలింగం చెప్పిన మాట గంగరత్నం చెవుల్లో గింగురుమంది. బస్సు ఆపమనాలా, ఆపితే ఎక్కడికి తీసుకెళ్ళాలి? ఇరవై నిమిషాలు ఆమె పిల్ల వీపు నిమురుతూ కూర్చుంది. తగ్గాక పిల్ల కళ్ళు తెరిచి అడిగింది.

“అమ్మా, నేను కూడా మునిగిపోతానా?”

“నోర్ముయ్యి. నీకు ఈత వచ్చు,” అంది గంగరత్నం, పిల్ల నుదురు తుడుస్తూ.

విష్ణువర్ధన్ కాగితాలన్నీ శ్రద్ధగా చదివాడు. “బాగున్నాయమ్మా. కానీ ఇవి మనిషిని గుర్తుపట్టడానికి రాసినవి. జబ్బుని గుర్తుపట్టడానికి కాదు. ఆ గడి వేరు, ఈ గడి వేరు.”

అప్పటిదాకా అయ్యా బాబూ అంటూ వచ్చిన గంగరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“మనిషిని గుర్తుపట్టడానికా? సంతోషం బాబూ. మా మామ కాడ్నుంచీ రాసుకుంటానే ఉన్నారు గదా, ఒక్కళ్ళయినా గుర్తుపట్టారా మమ్మల్ని? మా ఆయన మచ్చలు చూసి, ఒరే నీ కడుపులో ఇదుంది, వేటకి పోబోకు, తెనాలి పో అని ఒక్క మారాజన్నా చెప్పాడా? మా గంప కాడికొచ్చే పనిమనిషి కూడా చేపకి మొప్ప ఎత్తి చూస్తదయ్యా! మీరంతా చదువుకున్నోళ్ళు!”

విష్ణువర్ధన్ మనసు కదిలింది. ఆయన ఇంకో గ్లాసు మంచినీళ్ళు తెప్పించాడు. అంతటితో ఆగకుండా, ఫైలుని ‘అత్యవసరం’ అని రాసి కమిటీకి పంపాడు.

కమిటీలో ముగ్గురు. ఒకరు పశువుల డాక్టరు, ఒకరు రిటైరైన డ్రిల్లు మాస్టారు, మూడో పదవి ఖాళీ. (ఖాళీ ఎప్పుడూ మిగతా ఇద్దరితో ఏకీభవిస్తుంది.) వారు ఫైలు పరిశీలించి, భోజనం చేసి, మళ్ళీ పరిశీలించి, ఏకగ్రీవంగా ఇలా తేల్చారు. తండ్రీ కొడుకులిద్దరూ నీట మునిగే చనిపోయినట్టు రికార్డులున్నాయి. కొడుకు సముద్రంలో మునిగాడంటే ప్రమాదం అనుకోవచ్చు. కానీ తండ్రి సముద్రానికి నలభై కిలోమీటర్ల దూరంలో, మెట్లెక్కి రెండో అంతస్తుకి వెళ్ళి, మంచం మీద పడుకుని మరీ మునిగాడు. నీరు లేని చోట కూడా మునగగలిగారంటే అది చుట్టూ ఉన్న నీటి దోషం కాదు, రక్తంలో ఉన్న లక్షణం. కాబట్టి ఈ కుటుంబంలో మునిగే స్వభావం వంశపారంపర్యంగా సంక్రమిస్తున్నదని నిర్ధారించడమైనది.

పంచాంగం చూసి పాతకాలం వాళ్ళు జలగండం అనేదానికి, ఆ విధంగా, మొట్టమొదటిసారి రౌండు ముద్ర పడింది.

ధ్రువపత్రం ఇచ్చేముందు ఒక గడి మిగిలిపోయింది. లబ్ధిదారు గుర్తింపు చిహ్నాలు. విష్ణువర్ధన్ కళ్ళజోడు తుడుచుకుని ముందుకి వంగాడు.

“పాపా, ఇటు వెలుతురులోకి రా. ఒకసారి నోరు తెరువమ్మా.”

జాగ్రత్తగా లెక్కపెట్టాడు. పై పెదవిపై నాలుగు, కింది పెదవిపై ఏడు. అనుమానం వచ్చి మళ్ళీ లెక్కపెట్టాడు. పదకొండే. “భలే స్పష్టంగా ఉన్నాయమ్మా,” అని మెచ్చుకుని రాసుకున్నాడు. ప్రభుత్వం తరఫున ఆ పిల్ల పెదవుల్ని అంత శ్రద్ధగా చూసిన మొదటి అధికారి ఆయనే. చూసింది, ఆమె మునిగితే శవం ఎవరిదో తెలియడానికి.

ధ్రువపత్రంతో పాటు ఎనభై కిలోల మనిషికి సరిపోయే లైఫ్‌జాకెట్ ఒకటి, ఒక కరపత్రం ఇచ్చారు. గంగరత్నం ఐదో తరగతి దాకా చదివింది. బస్టాండులో కూర్చుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ కరపత్రం మొత్తం చదివింది. సముద్రానికి దూరంగా ఉండవలెను. కాలువ గట్లపై ఒంటరిగా తిరగరాదు. మూడో అంశం దగ్గర ఆమె వేలు ఆగింది. ‘జలగండం కలవారి ఉదరంలో గుర్తించబడని నీరు చేరి ఉండే అవకాశం కలదు. కావున వారికి ఏ జిల్లాలోనైనా పైనుండి క్రిందివరకు గొట్టం వేసి, నీటి జాడ కొరకు ఉచితముగా పరీక్ష చేయవలెను.’ (నీరు కాలువల్లో జిల్లా హద్దులు చూసుకోకుండా పారుతుంది కాబట్టి ఆ సడలింపు. రక్తానికి అలాంటి సదుపాయం లేదు.)

గంగరత్నం కరపత్రం మడిచి రవికెలో దోపుకుంది. మర్నాడు పొద్దున్నే రేపల్లెలో తెనాలి రైలెక్కింది. ఒక పక్క తేజస్విని, ఇంకో పక్క లైఫ్‌జాకెట్. భట్టిప్రోలులో ఎక్కిన నాటుకూలీలు జాకెట్ చూసి, వానలేమైనా ఉన్నాయా అక్కా అని అడిగారు.

నాగజ్యోతి కరపత్రం రెండుసార్లు చదివింది. నవ్వలేదు. ధ్రువపత్రం మీద ముద్ర సరిగ్గా ఉందో లేదో వెలుతురుకి ఎత్తి చూసింది.

“సరే పదమ్మా,” అంది. “నీళ్ళు వెతుకుదాం.”

వెతికారు. నీళ్ళు దొరకలేదు. కాయలు తొమ్మిది దొరికాయి. అన్నింటికంటే పెద్దది ఉసిరికాయంత ఉంది. అది పేగుని లోపలికి లాగడం మొదలుపెట్టిందని, ఇంకో నెల ఆగి ఉంటే వాళ్ళ నాన్నకి జరిగిందే జరిగేదని నాగజ్యోతి చెప్పింది. తొమ్మిదీ తీసేశారు. వాటిలో కేన్సర్ ఏదీ లేదని వారం తర్వాత తేలింది. ఆ మాట విన్నాక గంగరత్నం ఆస్పత్రి వరండాలో గచ్చు మీద కూలబడి, దారిన పోయేవాళ్ళు చూస్తున్నా సిగ్గుపడకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. అది వెంకటప్పయ్య పోయిన ఆస్పత్రే. అదే రెండో అంతస్తు.

నాగజ్యోతి జబ్బు పేరు, కాయల లెక్క, మళ్ళీ ఎప్పుడు చూడాలో అంతా రెండు పేజీలు రాసి పంపింది. విభాగం యాప్‌లో ఆ రెండు పేజీలు పట్టే చోటు లేదు. అది అడిగిందల్లా ఒకటే: నీరు ఉన్నదా, లేదా? లేదు అని నొక్కితే, ‘ఫలితం సంతృప్తికరం, అభినందనలు’ అని వచ్చి, తెర నిండా రంగుకాగితాల బొమ్మలు చల్లింది.

మూడు నెలలు గడిచాయి. తేజస్విని బడికి పోతోంది, అన్నం రెండోసారి అడుగుతోంది. అప్పుడు ఒక మధ్యాహ్నం కోటిలింగం కూతురు చిట్టి ఆడుకుంటూ ఆడుకుంటూ కడుపు పట్టుకుని కూర్చుండిపోయింది.

ఈసారి గంగరత్నం ఒక్కరోజు కూడా ఆగలేదు. దారి తెలిసిన మనిషి కదా. మరిదినీ, చిట్టినీ, తేజస్వినినీ, నాగజ్యోతి రాసిన రెండు పేజీలనీ, తొమ్మిది కాయల ఫోటోలనీ, పాత ట్రంకుపెట్టె కాగితాలనీ తీసుకుని బాపట్లలో దిగింది. విష్ణువర్ధన్ గుర్తుపట్టి, నాలుగు కుర్చీలు వేయించి, నాలుగు గ్లాసుల మంచినీళ్ళు తెప్పించాడు. అవి తాగేదాకా ఆగాడు.

“మృతులెవరమ్మా?”

“పాతోళ్ళేనండి. మా మామ, మా ఆయన.”

“వాళ్ళని పెద్దమ్మాయి దరఖాస్తుకి వాడేశాం కదమ్మా. ఒకసారి వాడిన మృతుల్ని మళ్ళీ వాడకూడదు.”

“పోనీ ఇదిగోండి బాబూ,” అని గంగరత్నం తేజస్విని భుజాలు పట్టుకుని ముందుకి నిలబెట్టింది. “దీనికి ఆ జబ్బే ఉందని తేలింది. గొట్టం వేసి తీశారు. ఫోటోలున్నాయి. డాక్టరమ్మ సంతకముంది. ఇంతకంటే రుజువేం కావాలండి? చిట్టి దీని బాబాయి కూతురేనండి.”

విష్ణువర్ధన్ తేజస్విని వంక చూశాడు. నున్నగా జడ వేసుకుని, కాస్త ఒళ్ళు చేసి, ఆరోగ్యంగా ఉంది.

“అంతా బాగానే ఉందమ్మా,” అన్నాడు మెల్లగా. “కానీ అమ్మాయి బతికుంది కదా.”

ఎప్పటిలాగే గడువులోపే ఉత్తరం వచ్చింది. అందులో రెండే వాక్యాలున్నాయి. ‘దరఖాస్తుదారు కుటుంబంలో ఇటీవల ఎవరూ మరణించని కారణంగా మీ దరఖాస్తు తిరస్కరించడమైనది. పరిస్థితిలో మార్పు వచ్చినచో వెంటనే తెలియజేయగలరు.’